సోమారం సంత ఎక్కడ

ఆ పేజీకి నేను మొదట పెట్టిన శీర్షిక తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "అడవి దారిలో ఆగిన అడుగుల సవ్వడి" అని పెట్టాను. ఒక మనిషి తప్పిపోయింది. ఆమె కూతురు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. నేనేమో కంప్యూటర్ ముందు కూర్చుని చప్పుడు బాగుంటుందా, సవ్వడి బాగుంటుందా అని ఆలోచించాను. చివరికి సవ్వడే బాగుందనుకుని మురిసిపోయాను. సిగ్గు లేకపోతే సరి.

కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది. ఈ సంగతి మా ఇంట్లో వాళ్ళకే కాదు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దున దోర్నపాల్‌లో మా దుకాణానికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. జిరాక్సు, ఫొటోలు, ఆన్‌లైన్ ఫారాలు, రీఛార్జి, ఇదీ మా దుకాణం. భద్రాచలం వైపు పుట్టి, పెళ్ళయ్యాక ఇటు వచ్చి పదిహేనేళ్ళయింది. ఫారాలు నింపేది హిందీలో, సంతలో బేరం దోర్లీలో, జగదల్‌పూర్ నుంచి సరుకు తెచ్చేవాడితో హల్బీలో, ఇంట్లో తెలుగు. నాలుగు భాషల్లోనూ తిట్టగలను. రాయడం మాత్రం తెలుగులోనే వచ్చు.

ఆ రాసే పిచ్చితోనే ఆరేళ్ళ కిందట ఒక బ్లాగు పెట్టుకున్నాను. ఇక్కడి కూరలు, పిట్టలు, పండగలు, సంతలు, కంటికి కనిపించిన ప్రతిదీ రాశాను. ఎర్రచీమల పచ్చడి మీద రాసినదానికి "ఎర్రని పులుపు, ఎడతెగని తలపు" అని పేరు పెట్టాను. గొల్లపల్లి వైపు అడవిలో ఇప్పచెట్ల కింద సోమవారం సోమవారం జరిగే చిన్న సంత గురించి రాసినదానికి "ఆకుపచ్చ అంగడిలో ఒక అపరాహ్ణం" అని పెట్టాను. రోజుకు పదకొండు మంది చూసేవాళ్ళు. అందులో నాలుగుసార్లు నేనే. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మా ఆయన అన్నప్పుడల్లా ఆ పూట కూరలో ఉప్పు ఉండేది కాదు.

ఆ సంతకు నన్ను తీసుకెళ్ళింది ఈ తల్లీకూతుళ్ళే. అడ్డాకులను వెదురు పుల్లలతో కుట్టి దొప్పలు, విస్తళ్ళు అమ్ముతారు. సోమవారం తమ సంతలో అమ్మి, మిగిలినవి దోర్నపాల్ సంత రోజున ఇక్కడికి తెచ్చి మా దుకాణం అరుగు మీద పరుచుకుంటారు. తల్లికి అరవై దగ్గరుంటాయి. నేను ఎవరి మీదనైనా అరుస్తుంటే ఆమె చేతిలో ఆకు కుడుతూనే ముసిముసిగా నవ్వేది. నా కోపానికి నవ్వినవాళ్ళలో నేను భరించింది ఆమెనొక్కదాన్నే.

ఏటా మిరపకాయ ఏరే రోజుల్లో ఇటువైపు ఊళ్ళు సగం ఖాళీ అవుతాయి. జనం గుంపులుగా సరిహద్దు దాటి తెలంగాణ తోటలకు పోతారు. ఆ ఏడు కూతురికి చంటిపిల్ల ఉండడంతో తల్లి ఒక్కతే గుంపుతో పోయింది. పని అయ్యాక తిరిగి వస్తూ అవతల ఒక పెద్ద బస్టాండు దగ్గర ఆగారు. ఆమె నీళ్ళకని దిగింది. గుంపు రెండు బండ్లలో ఉంది. ముందు బండి వాళ్ళు ఆమె వెనక బండిలో ఎక్కిందనుకున్నారు, వెనక బండి వాళ్ళు ముందు బండిలో ఉందనుకున్నారు. రెండు బండ్లూ దోర్నపాల్ వచ్చి ఆగాక గానీ సంగతి తెలియలేదు.

కూతురు చంటిపిల్లను చంకన వేసుకుని అన్నతో ఆ బస్టాండుకు పోయింది. నాలుగు రోజులు వెతికి ఉత్త చేతులతో వచ్చింది. ఠాణాలో రాయించింది. ఆ కాగితాలకు తల్లి ఆధార్ కార్డు జిరాక్సు కావాలని మా దుకాణానికి వచ్చింది. తల్లికి చదువు లేదు, ఫోను లేదు, వచ్చిందల్లా దోర్లీ, కాస్త తెలుగు. ఆ కార్డు మీది ఫొటో తప్ప ఆమెకు ఇంకో ఫొటో కూడా లేదు. ఇదంతా చెబుతూ కూతురు ఏడుస్తుంటే నా నోరు ఊరుకోలేదు. నా బ్లాగులో పెడతాను, లోకమంతా చూస్తుంది, నువ్వు ఏడవకు అన్నాను. ఆ పిల్ల నిజంగానే ఏడుపు ఆపింది. అదీ నేను చేసిన పని. నమ్మించాను.

ఆధార్ కార్డు ముందు పెట్టుకుని, అందులో ఉన్న రాష్ట్రం, జిల్లా, బ్లాకు, పంచాయతీ అన్నీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశాను. చుట్టూ ముగ్గు లాంటి అంచు వేసి, మధ్యలో ఫొటో, కింద నా దుకాణం నంబరు పెట్టి ఒక పోస్టరు చేశాను. దాన్ని పేజీలో ఎక్కించాను. పైన ఆ సవ్వడి శీర్షిక. వెనకాల మోదుగ పూల బొమ్మ కూడా పెట్టాను. పెళ్ళి శుభలేఖ కూడా అంత శ్రద్ధగా చేసి ఉండను.

తరవాతి సంత రోజున ఆ పిల్ల వచ్చింది. విస్తళ్ళు దింపుకోకముందే గుమ్మంలో నిలబడి అడిగింది.

"లోకం చూసిందా అక్కా?"

చూస్తోంది అన్నాను. ఆ పొద్దున లెక్క చూస్తే పదకొండే. మరుసటి వారం మళ్ళీ అదే ప్రశ్న. ఆ మరుసటి వారం మళ్ళీ. ఆమె గొంతులో నమ్మకం అలాగే ఉండేది. నా గొంతే వారం వారానికీ సన్నబడింది.

మూడో వారం నాకే అనుమానం వచ్చి, పరాయి మనిషిలా ఫోనులో వెతికి చూశాను. గొల్లపల్లి, తప్పిపోయిన మహిళ అని కొట్టాను. తెలుగువాళ్ళు ఎన్ని గొల్లపల్లులు పెట్టుకున్నారో ఆ రోజే తెలిసింది. ఒక గొల్లపల్లిలో జాతర, ఒక గొల్లపల్లిలో ప్లాట్లు, ఒక గొల్లపల్లిలో బోరుబావి. ఎంత కిందికి పోయినా నా పేజీ లేదు. నా సవ్వడి నాకు తప్ప ఎవరికీ వినబడడం లేదు. ఒళ్ళు మండిపోయింది.

జగదల్‌పూర్‌లో ఒకాయన ఉన్నాడు. వెబ్‌సైట్లను సెర్చిలో పైకి తెచ్చే విద్య నేర్పుతాను, ఎస్‌ఈఓ అంటారు దాన్ని అని ఫోనులో క్లాసులు చెబుతాడు. ఆయన దగ్గర చేరాను. న్యాయంగా చెప్పాలంటే మొదటి రోజు ఆయన చెప్పినవి మంచి మాటలే. శీర్షిక చూడగానే లోపల ఏముందో తెలియాలన్నాడు. యంత్రం బొమ్మను మనలా చూడదు, ఫొటోకు పేరు పెట్టి పక్కన అది ఏమిటో మాటల్లో రాయాలన్నాడు. నెట్టు నడవని చోట పేజీ బరువుగా ఉంటే అది తెరుచుకునే లోపల జనం వెళ్ళిపోతారన్నాడు. అన్నిటికన్నా ముందు, రాసేవాడి మాట కాదు, వెతికేవాడు ఏ మాటతో వెతుకుతాడో ఆ మాట తెలుసుకోవాలన్నాడు. దాన్ని నోటుబుక్కులో రాసి కింద ఎర్ర గీత గీశాను. గీసి, బుక్కు మూసి, మరిచిపోయాను.

ఆయనా మరిచిపోయాడు లెండి. రెండో రోజు నుంచి అడ్డదారులే. ముఖ్యమైన మాటను పేజీలో ముప్పైసార్లు వాడితే యంత్రానికి నచ్చుతుందన్నాడు. వేరే సైట్ల నుంచి నా పేజీకి లింకులు ఇప్పిస్తాను, దానికో ప్యాకేజీ ఉంది అన్నాడు. తప్పిపోయిన మనిషి గురించయ్యా అంటే, ఏ టాపిక్ అయినా అంతే మేడమ్ అన్నాడు. టాపిక్ అట. ఆ లింకులు నాకు వద్దన్నాను కానీ ముప్పైసార్లు రాయడం మాత్రం రాశాను. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

ఆ వారం పిల్ల వచ్చి, అక్కా ఏం రాసినవో సదివి వినిపించు అంది. అంతవరకు ఒక్కసారీ అడగలేదు. కాదనలేక చదవడం మొదలుపెట్టాను. తప్పిపోయిన మహిళ సుక్మా జిల్లా, సుక్మా జిల్లాలో తప్పిపోయిన మహిళ, తప్పిపోయిన మహిళ ఛత్తీస్‌గఢ్, మీకు తప్పిపోయిన మహిళ కనిపిస్తే, ఈ తప్పిపోయిన మహిళ. నాలుగు వాక్యాలు దాటేసరికి నా నాలుక తడబడింది. ఆ పిల్ల చంటిదాన్ని ఊపడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"మా అమ్మ ముచ్చట గిట్ల చిలుక లెక్క చెప్తున్నవేందక్కా? గిది ఇన్నోళ్ళకు ఆమె ఎవరో ఎట్ల తెలుస్తది?"

చదవడం ఆపేశాను. ఎదుటివాళ్ళ మీద కోపం వస్తే అరుస్తాను, తిడతాను, అయిపోతుంది. ఆ రోజు కోపం నా మీదికే తిరిగింది, దాన్ని ఏం చేయాలో తెలియలేదు. పిల్ల వెళ్ళాక ఆ ముప్పై మాటలూ చెరిపేశాను. ఆ జగదల్‌పూర్ ఆయనకు ఫోను చేసి నాలుగు భాషల్లో రెండు వాడాను. మిగతా రెండు ఆయనకు రావు.

అంతలో ఇంకో ఘోరం. పొరుగు దుకాణాయన ఫోను పట్టుకొచ్చి, ఇది నువ్వు రాసిందేగా అని చూపించాడు. ఎవరో దిక్కుమాలినవాళ్ళు నా పేజీలోంచి ఆమె ఫొటో కత్తిరించి తీసుకుని తమ సైటులో పెట్టుకున్నారు. నేను రాసిన వివరాలే అటూ ఇటూ మార్చారు. పైన మాత్రం "అడవిలో మాయమైన మహిళ... అసలు ఏం జరిగిందో తెలిస్తే షాక్!" అని పెట్టారు. రెండు వాక్యాలకొక ప్రకటన. బట్టతలకు నూనె, మోకాళ్ళకు మందు, మధ్యలో ఆమె ముఖం. నా దుకాణం నంబరు కనీసం ఒక మూలనైనా లేదు. సెర్చిలో వాళ్ళ పేజీ పైన ఉంది, నాది ఎక్కడో పాతాళంలో ఉంది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. అడిగినా బాగుండును, వీళ్ళు అడగను కూడా అడగలేదు. ఆ సైటువాళ్ళకు రోజుకొక ఉత్తరం రాశాను. ఒక్క దానికీ జవాబు లేదు. ఎవరో చూస్తారు, ఆమె తమ వీధిలోనే ఉందని గుర్తుపడతారు, ఎవరికి చెప్పాలో తెలియక ఫోను పక్కన పెడతారు. ఆ ఊహకే నాకు అన్నం దిగేది కాదు. దొంగతనం చేసినందుకు కాదు, నంబరు తీసేసినందుకు వాళ్ళను ఈనాటికీ క్షమించలేదు.

కానీ ఇంకా పెద్ద తప్పు నాది. అది చెప్పాలి.

మన సైటు ఎవరి వెతుకులాటలో కనిపించిందో, వాళ్ళు ఏ మాటలు కొట్టారో చూపించే పట్టిక ఒకటి ఉంటుంది. డబ్బు అక్కర్లేదు, సైటు ఉన్న ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లాసు రోజుల్లోనే దాన్ని పెట్టుకున్నాను. తప్పిపోయిన మహిళ అనే మాట కోసం రోజూ అందులో వెతికేదాన్ని. అది ఉండేది కాదు. చీమల పచ్చడి ఉండేది, వెదురు కొమ్ములు ఉండేవి. ఒక రోజు "సోమారం సంత ఎక్కడ" అని ఒక వరస కనిపించింది. నాలుగు రోజులాగి "సోమవారం సంత ఇప్పచెట్లు" అని ఇంకోటి. ఆ తరవాత "దొప్పలు అమ్మే సోమారం సంత ఏ ఊరు." ప్రతిసారీ నా పాత వ్యాసం, ఆ అపరాహ్ణం వ్యాసం, ఎక్కడో కింద కనిపించింది. ఎవరూ దాన్ని తెరవలేదు. ఆ పేరు చూసి ఎవరు తెరుస్తారు?

ఎవరో పనిలేని టూరిస్టులు సంత చూడ్డానికి బయలుదేరినట్టున్నారు అనుకున్నాను. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చి ఉంటే వీళ్ళకు సంతలు కావలసి వచ్చాయా అని విసుక్కున్నాను కూడా. రెండు వారాలు అది నా కళ్ళ ముందే ఉంది. రోజూ చూశాను, రోజూ దాటేశాను.

ఆరో వారం పిల్ల వచ్చింది. ఆ రోజు లోకం చూసిందా అని అడగలేదు. విస్తళ్ళు పేరుస్తోంది.  ఏదో ఒకటి మాట్లాడాలని, ఎవరైనా మీ అమ్మను మీది ఏ ఊరని అడిగితే కార్డు మీది పంచాయతీ పేరు చెప్పగలదా అని అడిగాను. నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు చూసింది.

"ఊరి పేరెందుకు చెప్తదక్కా? సోమారం సంతోళ్ళమంటది. మేమందరం గట్లనే గదా చెప్పేది."

 అవును, అందరూ అలాగే చెబుతారు. పదిహేనేళ్ళుగా వింటున్నాను. ఇక్కడ పారా అంటే పది ఇళ్ళ గుంపు. దాని పేరు పక్క పారా వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. పంచాయతీ, బ్లాకు అనేవి కాగితాల్లో ఉంటాయి. మనుషులు కలిసేది సంతలో, పిల్లనిచ్చేది సంత చూసి, చావు కబురు చెప్పేది సంతలో. అందుకే ఎవరిని అడిగినా ముందు సంత చెబుతారు. మొదటిసారి ఆ పెద్దామెను మీదెక్కడ అని నేనే అడిగాను. సోమారం సంత బిడ్డా, ఇప్పచెట్ల కాడ అని నాకూ అదే చెప్పింది. దాన్ని అందమైన తెలుగులో రాసుకుని మురిసినదాన్ని, ఆమె కోసం వెతికే రోజు వచ్చేసరికి ఆధార్ కార్డు చూసి రాశాను.

అంటే ఆ వెతికేది టూరిస్టు కాదు. ఆమె ముందు కూర్చున్న మనిషి. మీది ఏ ఊరమ్మా అని అడిగి, ఆమె చెప్పిన మాటనే ఫోనులో కొడుతున్న మనిషి. ఆ మనిషి వచ్చి నా తలుపు మూడుసార్లు తట్టింది. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పిల్లకు మాత్రం ఆ క్షణంలో ఏమీ చెప్పలేదు. ఒకసారి నమ్మించి చేసిన నిర్వాకం చాలు.

దుకాణం ముందు జనం ఉన్నారు. ఫారాలు రేపు రండని కసిరి పంపేసి కూర్చున్నాను. సవ్వడి పీకేశాను. "దోర్నపాల్ దగ్గర సోమారం సంత, ఇప్పచెట్ల కాడ దొప్పలు అమ్మే అమ్మ తప్పిపోయింది" అని శీర్షిక పెట్టాను. శీర్షిక కింద కనిపించే రెండు వరసల్లో ఆమె వయసు, మాట్లాడే భాష, తప్పిపోయిన బస్టాండు, నా నంబరు పెట్టాను. ఫోనులో తెలుగు రాయడం రానివాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారని అవే మాటలు అలా కూడా ఒకసారి, హిందీలో ఒకసారి రాశాను. ఒక్కొక్కసారే, ముప్పైసార్లు కాదు.

పోస్టరు తీసేశాను. నా నంబరు ఇన్నాళ్ళూ ఆ బొమ్మలోనే ఉందని, యంత్రానికి అది మాటగా అందే హామీ లేదని అప్పుడు గానీ తట్టలేదు. మోదుగ పూలు తీసేశాను. ఫొటో బరువు తగ్గించి, దాని పేరు అంకెల నుంచి మాటల్లోకి మార్చాను. ఇంక ఆ పాత సంత వ్యాసం. దాని పేరు "గొల్లపల్లి వైపు ఇప్పచెట్ల కింద సోమవారం సంత" అని మార్చి, మొదటి వరసలోనే ఈ సంత అమ్మ తప్పిపోయింది, ఇక్కడ చూడండి అని కొత్త పేజీకి దారి పెట్టాను. ఆరేళ్ళ రాతలో నేను రాసిన అతి మామూలు వాక్యాలు అవే. ఒక్క పూట పట్టింది. ఆరు వారాల కిందట ఆ ఒక్క పూట పెట్టలేకపోయాను.

మార్చిన వెంటనే సెర్చిలో కనబడదు. యంత్రం మళ్ళీ వచ్చి చదువుకుని పోవాలి. వచ్చి చదవమని ఒక అర్జీ పెట్టుకోవచ్చు, పెట్టాను. ఒక రోజు, రెండు, మూడు. ఫోను మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. రీఛార్జి వాళ్ళ మీద, ఫారాల వాళ్ళ మీద అరిచాను. మా ఆయన దుకాణం వైపు రావడం మానేశాడు.

నాలుగో రోజు, శనివారం, పొద్దున పదకొండు గంటలకు తెలియని నంబరు. తెలంగాణ ఆడమనిషి గొంతు.

"సోమారం సంత పెద్దామె గురించి పెట్టింది మీరేనా? ఆమె మా కాడున్నది."

సరిహద్దు అవతల ఒక ఆశ్రమంలో వంట చేసే మనిషి ఆమె. బస్టాండులో జ్వరంతో పడి ఉన్న పెద్దామెను ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. తగ్గాక ఆశ్రమానికి వచ్చింది. ఏ ఊరని అడిగితే ఒకటే మాట, సోమారం సంత. చుట్టుపక్కల సోమవారం సంతలన్నీ కనుక్కున్నారు, ఎవరూ మావాళ్ళు కాదన్నారు. ఈమె మాత్రం వదల్లేదు. వంట పని తెమిలినప్పుడల్లా ఫోనుకు నోటితో చెప్పి వెతికేదట. ఆ పొద్దున నా పేజీ వచ్చింది. ఫొటో చూపిస్తే పెద్దామె గుర్తుపట్టలేదు, కార్డు మీది ఫొటో కదా. కానీ శీర్షిక చదివి వినిపిస్తే లేచి నిలబడిందట.

ఫోను ఆమెకు ఇవ్వమన్నాను.  నా గొంతు వినగానే, ఎవర్ని తిడుతున్నవ్ బిడ్డా అంది. ఆ ఒక్క మాటకు నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

పిల్లకు చెప్పాలి. వాళ్ళ పారాలో సిగ్నల్ లేదు, అక్కడిదాకా బండి దారీ లేదు. లోకానికంతటికీ చెప్పే పరికరం నా బల్ల మీద ఉంది, ఆ ఒక్క మనిషికి చెప్పడానికి సోమవారం దాకా ఆగాలి. రెండు రోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగాను. సోమవారం పొద్దున్నే మా ఆయన బండి మీద ఆ సంతకు పోయాను. ఇప్పచెట్ల కింద తల్లి కూర్చునే చోటు వదిలి, దాని పక్కన కూర్చుని ఉంది పిల్ల. చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే లోకం చూసిందా అక్కా?"

లోకం చూడలేదే, వంట చేసే ఆమె ఒక్కతి చూసింది అన్నాను. ఆ మాట నేనెప్పుడో చెప్పాల్సింది.

తల్లిని తీసుకొచ్చారు. ఆశ్రమంలో అడ్డాకు దొరక్క, వాకిట్లోని బాదం ఆకులతో దొప్పలు కుట్టి వంటామెకు ఇచ్చేదట. చిక్కిపోయింది కానీ నవ్వు పోలేదు. నెల తిరిగాక దోర్నపాల్ సంత రోజున ఇద్దరూ మళ్ళీ మా అరుగు మీదికి వచ్చారు. పిల్ల ముఖంలో ఏదో గొప్ప చూపించబోతున్న వెలుగు. తల్లిని నా ముందు నిలబెట్టి, అక్కకు చెప్పే అమ్మా అంది.

పెద్దామె చేతిలోని ఆకు పక్కన పెట్టింది. చేతులు కట్టుకుంది. రాష్ట్రం ఛత్తీస్‌గఢ్, జిల్లా సుక్మా, బ్లాకు కొంటా అంటూ మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢ్ దగ్గర నాలుక మెలికపడి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. పంచాయతీ చెప్పింది, పారా చెప్పింది, చివర నా దుకాణం నంబరు ఒక్కొక్క అంకే చెప్పింది. రోజూ అన్నం ముందు చెప్పిస్తున్నదట పిల్ల. నన్ను చిలుక లెక్క అన్న పిల్లే. భయం అలాంటిది, ఆమెను ఏమనగలను?

నాకు ఒళ్ళంతా మండింది. ఆమె ఆ బస్టాండులో, ఆ ఆసుపత్రిలో, ఆ ఆశ్రమంలో అడిగిన ప్రతి మనిషికీ నిజమైన చిరునామా చెప్పింది. కాగితం చూసి రాసింది నేను. సొమ్ము కోసం ఆమె ముఖాన్ని అమ్ముకున్నది ఎవరో. తప్పులు మావి, పాఠం ఆమెకు. అరవై ఏళ్ళ మనిషి బడిపిల్లలా చేతులు కట్టుకుని నిలబడి, తప్పు పోయిందేమోనని నా కళ్ళలోకి చూస్తోంది.

"సరిగ్గ చెప్పిన్నా బిడ్డా?"

అరవడానికి ఎవరూ లేరు. ఆమె చేతులు విడదీసి, పక్కన పెట్టిన ఆకు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"సరిగ్గనే చెప్పినవమ్మా. అప్పుడు గూడ సరిగ్గనే చెప్పినవ్."